పోస్టర్ మీద ఇంటి నంబరు

“నీలం సంచి సంగతి వాళ్ళకెలా తెలిసిందే?” అంది అమ్మ.

అవతలివాళ్ళు ఫోన్ పెట్టేసినా ఆవిడ రిసీవర్‌ని ఇంకా చెవి దగ్గరే పట్టుకుని ఉంది. ఆఫీసుకు బయలుదేరుతున్న పెద్దమ్మాయి ఒక చెప్పులో కాలు దూర్చి, రెండో చెప్పు సంగతి మరిచిపోయి గుమ్మంలో నిలబడిపోయింది.

“ఏ నీలం సంచి?”

“ఏ నీలం సంచని నన్నడుగుతావేంటే! నీ చెల్లెలు తీసుకుపోయిన సంచి. నేను మిషన్ మీద దిండు గలీబులు కుట్టుకుంటుంటే, చెప్పులు చేత్తో పట్టుకుని నా వీపు వెనకనించి చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది చూడు, అప్పుడు దాని భుజానున్న సంచి. ఆ ముక్క మన ముగ్గురికి తప్ప నరమానవుడికి తెలీదు. చుట్టాలక్కూడా చెప్పలేదు నేను. ఇప్పుడెవడో పిల్లాడు ఫోన్ చేసి, ‘ఆంటీ, నీలం సంచిలో ఏముందో చెప్పండి ప్లీజ్’ అంటున్నాడు.”

భోజనాల బల్ల దగ్గర నాన్న గడియారం చూసి రూళ్ళ పుస్తకంలో రాసుకున్నాడు. ‘9.10. మగపిల్లాడు. సంచి.’ బస్ డిపోలో టైమ్‌కీపర్‌గా ముప్పై ఒక్కేళ్ళు వచ్చే బస్సునీ పోయే బస్సునీ రాసిన చెయ్యి అది. రిటైరయ్యాక రాయడానికేమీ లేక దురద పెట్టేది. మూడు వారాలుగా ఆ కొరత తీరింది. నిన్న ఒక్కరోజే తొంభై ఆరు ఫోన్లు.

“చెప్పవే,” అంది అమ్మ.

నంబరు సంగతి పెద్దమ్మాయి మొదటి వారంలోనే ఒప్పేసుకుంది. ‘వెతుకులాట’ అనే వీడియో గేమ్‌కి నాలుగో భాగం రాబోతోంది. ఆ నాలుగు భాగాలకూ అధికారిక వెబ్‌సైట్లు తయారు చేసింది ఆమే. కొత్త సైట్‌లో ఒక పోస్టర్ ఉంది. తప్పిపోయిన అమ్మాయి బొమ్మ, కింద ‘ఆచూకీ తెలిస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని. రికార్డు చేసిన గొంతు వినిపించే నంబరు తర్వాత ఇస్తామన్నారు కంపెనీవాళ్ళు. అందాకా ఖాళీ నింపుదామని సున్నాలు కొడితే ఆ పేజీ ఒప్పుకోలేదు, సరైన నంబరే కావాలంది. ఆమె వేళ్ళకు కంఠతా వచ్చిన నంబరు ఒక్కటే. కొట్టేసింది. మార్చడం మరిచిపోయింది. ఆ పేజీని నలుగురు పరీక్షించారు. రంగులు చూశారు, అక్షరాలు చూశారు, నంబరు స్పష్టంగా కనబడుతోందా లేదా చూశారు. ఒక్కరంటే ఒక్కరు డయల్ చేసి చూడలేదు.

అంతవరకూ పొరపాటు. అమ్మ తిట్టింది, ఊరుకుంది.

“సంచి కూడా నేనే పెట్టానమ్మా.”

“ఎక్కడ?”

“ఆ సైట్‌లోనే. వాళ్ళు కథ కావాలన్నారు. ఇల్లు విడిచి వెళ్ళిపోయిన పిల్ల కథ. నాకు తెలిసింది మనింటిదొక్కటే. సంచి, మిషన్, కిటికీ పక్కన నీ స్టూలు... అన్నీ ఫొటోలు తీసి పెట్టాను.”

అమ్మ రిసీవర్‌ని దాని చోట మెల్లగా పెట్టింది. విసిరేసి ఉంటే బాగుండేదనిపించింది పెద్దమ్మాయికి.

“నంబరు పొరపాటన్నావు. సంచి కూడా పొరపాటేనా?”

పెద్దమ్మాయి వంగి రెండో చెప్పు కోసం వెతికింది.

“అందులో నేనున్నానా?”

“ఉన్నావు. వెనకనించి కనబడతావు. కుడుతూ.”

“మీ నాన్న?”

“కుర్చీలో ఉన్నాడు.”

“మరి నువ్వు?”

“నేను లేనమ్మా. ఆ కథలో పిల్లకి అక్క లేదు.”

“బాగుందే తల్లీ,” అంది అమ్మ. “ఇంటిల్లిపాదినీ బజార్లో నిలబెట్టి నువ్వు మాత్రం పక్కకి తప్పుకున్నావా!”

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అమ్మ పట్టుకుంది, కానీ సగమే. అక్కని కథలోంచి ఎందుకు తీసేసిందో ఆవిడకి తెలియదు. చెల్లెలు సంచి సర్దుకుంటుంటే లోపలి గదిలో నిలబడి, “పోతే పో. కాళ్ళు పట్టుకుని ఆపేవాళ్ళెవరూ లేరిక్కడ,” అన్నది పెద్దమ్మాయే. ఇది జరిగి పద్నాలుగు నెలలు. ఆ మాట తాను అన్నట్టు చెల్లెలికి తెలుసు, తనకి తెలుసు. మూడో మనిషికి చెప్పే ధైర్యం ఇప్పటికీ రాలేదు.

ఫోన్ మోగింది. అమ్మ ఒక్క ఉదుటున అందుకుంది. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి విన్నది. తర్వాత పెట్టేసింది.

“అది కాదు,” అంది, తనలో తాను అనుకున్నట్టు.

“9.17,” అన్నాడు నాన్న, రాస్తూ. “ఇలా వింటూ కూర్చోకని ఎన్నిసార్లు చెప్పాను? ఒక్క ముక్క చెప్పి పెట్టెయ్యి. నువ్వు విన్నంతసేపూ లైను బిజీ. అది ఫోన్ చేస్తే ఎలా దొరుకుతుంది?”

“వినకపోతే దానిదో కాదో ఎలా తెలుస్తుందండీ?”

ఇద్దరిదీ నిజమే. అదే వచ్చిన చిక్కు.

నిన్న దుప్పటి అంచులు కుట్టించుకోవడానికి వచ్చిన, ఎప్పట్నుంచో ఎరిగిన నర్సు చెప్పిన కబురు ముగ్గురినీ రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఆవిడ చిన్నమ్మాయిని బస్టాండులో చూసిందట. పలకరిస్తే, “ఇంటికి ఎన్నిసార్లు చేసినా ఎంగేజ్డే వస్తోందండీ. మళ్ళీ చేస్తానని మా అమ్మకి చెప్పండి,” అని బస్సెక్కేసిందట. ఎక్కడుంటోందో, ఏం చేస్తోందో నర్సు అడిగేలోగానే బస్సు కదిలింది. సెల్‌ఫోన్ బల్ల మీద పడేసి పోయిన పిల్ల. అందులో దాచుకున్న నంబర్లు దానికేం గుర్తుంటాయి? చిన్నప్పుడు తప్పిపోతే చెప్పాలని నాన్న కూర్చోబెట్టి బట్టీ పట్టించిన ఇంటి నంబరు ఒక్కటే దాని దగ్గరుంది.

“ఇవాళ లైన్‌మన్ వస్తున్నాడు,” అన్నాడు నాన్న పుస్తకం మూస్తూ.

“ఎందుకూ?”

“నంబరు మార్చమని పోయిన వారం అర్జీ పెట్టాను. నాలుగింటికి వస్తానన్నాడు.”

అమ్మ ఆయన్ని అలా చూస్తూ ఉండిపోయింది. “నాతో ఒక్క మాటైనా అనకుండా?”

“అంటే ఒప్పుకుంటావా?”

“నంబరు మార్చేస్తే దానికి దారేదండీ? ఉన్నదొక్క దారి!”

“ఆ దారిలో రోజూ వందమంది అడ్డంగా నిలబడ్డారు కదే! పాత నంబరుకు చేసినవాళ్ళకి కొత్త నంబరు వినిపించే ఏర్పాటుందిట.”

“అయితే ఆ వందమందీ దానికీ చేస్తారు. అది వినబడేది మన పిల్లకొక్కదానికేనా?”

ఇరుకున పడ్డప్పుడల్లా ఆయన గడియారం చూస్తాడు. చూశాడు.

“నాన్నా, నాలుగింటిదాకా ఆగు,” అంది పెద్దమ్మాయి. “ఇవాళ సైట్‌లోనే ప్రకటన పెట్టిస్తాను. ఇది మామూలు ఇల్లు, ఫోన్లు చేయొద్దని. అందరూ చూస్తారు. ఫోన్లు ఆగిపోతాయి. అప్పుడు లైన్‌మన్‌ని వెనక్కి పంపేద్దాం.”

“నాలుగింటిదాకా,” అన్నాడాయన. డిపోలో ఆఖరి బస్సుకి కూడా వేళ దాటాక గడువిచ్చి ఎరగడు.

అమ్మ మాత్రం కూతురి వైపు చూడలేదు. స్టూలు లాక్కుని ఫోన్ ముందు కూర్చుంది.

*

ప్రచార విభాగం పెద్దకి ఆఫీసులో అందరూ పెట్టుకున్న పేరు ‘సస్పెన్స్’. టీ తాగుతారా అని అడిగినా తిన్నగా ఔననో కాదనో చెప్పడు, కనుబొమ్మలెగరేసి నవ్వుతాడు. ఆయన గది గోడ మీద నాలుగు సైట్ల మొదటి పేజీలూ పటాలు కట్టి ఉన్నాయి.

“రా రా, నీ కోసమే చూస్తున్నా,” అన్నాడు. “ముందు ఇది విను.”

కంప్యూటర్‌లో ఏదో నొక్కాడు. గరగరమనే శబ్దం. ఎవరో కుర్రాడు, గొంతు సన్నం చేసి, “అమ్మా, నేనే,” అన్నాడు. ఆ తర్వాత అమ్మ గొంతు.

“ఎక్కడున్నావే? తిన్నావా? ఎవరూ ఏమీ అనరే, వచ్చెయ్యవే తల్లీ...” అంటూ, మాట అందక ఏడుపు.

మొదటి రోజు, మొదటి ఫోన్. సైట్‌లోని వీడియోలో ఆ తప్పిపోయిన పిల్ల ఫోన్ చేసి “అమ్మా, నేనే” అంటుంది. అదే మాట చెబితే రహస్యం తెలుస్తుందని ఎవడో కుర్రాడు చెప్పి చూశాడు. ఆ ఏడుపు రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. అప్పటినుంచి ఫోన్ చేసిన ప్రతివాడూ “అమ్మా, నేనే” అనే మొదలుపెడుతున్నాడు.

“ఆరు లక్షల మంది విన్నారు,” అన్నాడు సస్పెన్స్. “ఎవరీ నటి? మనవాళ్ళెవరూ పెట్టలేదంటున్నారు. ఏం ఏడ్చిందనుకున్నావు! నాకే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.”

“మా అమ్మ.”

సస్పెన్స్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. పెద్దమ్మాయి అంతా చెప్పింది. పేజీ ఒప్పుకోని సున్నాల దగ్గరినుంచి నర్సు తెచ్చిన కబురు దాకా చెప్పింది. పోతే పో అన్న మాట తప్ప.

చెడ్డవాడు కాదాయన. కుర్చీలోంచి లేచి తలుపు వేసి వచ్చి, టేబుల్ మీది పెన్నులు సర్దాడు.

“పోయిన వారం ఆ నంబరు నువ్వే మార్చావా?”

“నేనే. చడీచప్పుడు కాకుండా మార్చేద్దామనుకున్నాను.”

“ఏమైంది?”

ఏమైందో ఆమెకి బాగా తెలుసు. అరగంటలో ఆట ఆడేవాళ్ళు పాత పేజీనీ కొత్త పేజీనీ పక్కపక్కన పెట్టి పోల్చేశారు. నిప్పు లేనిదే పొగ రాదు, తీసేశారంటే ఆ నంబరే అసలైనదని తీర్మానించారు. రోజుకు నలభై వచ్చే ఫోన్లు రెట్టింపయ్యాయి. ఎవరు మార్చారో తేలక కంపెనీ అందరి పాస్‌వర్డులూ లాగేసుకుంది. తను తయారు చేసిన సైట్‌లో ఒక్క అక్షరం మార్చాలన్నా ఇప్పుడు సస్పెన్స్ దయ కావాలి. చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులు కూడా లేని పరిస్థితి.

“ప్రకటన పెట్టండి సార్. రెండు వాక్యాలు చాలు.”

“పెడితే నమ్ముతారా?”

“అధికారిక సైట్‌లో ఉంటే నమ్మరా?”

ఆయన ఆమె వైపు జాలిగా చూశాడు. పైవాళ్ళకి ఫోన్ చేశాడు, బతిమాలాడు, ఒకసారి గొంతు కూడా పెంచాడు. ఆయన గొంతు పెంచగా ఆ ఆఫీసులో ఎవరూ వినలేదు. ఒంటిగంటన్నరకి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రాశారు. ‘పోస్టర్ మీద పొరపాటున పడిన నంబరు ఒక కుటుంబానిది. దయచేసి ఆ నంబరుకు ఫోన్ చేయకండి.’ రంగులు లేకుండా, బొమ్మ లేకుండా, తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలు.

పది నిమిషాలు గడిచాయో లేదో, కింద వ్యాఖ్యలు మొదలయ్యాయి.

‘ఐదో క్లూ వచ్చేసింది!’

‘బొమ్మ కూడా పెట్టలేదు చూశారా? ఎప్పుడూ ఇంత సాదాగా పెట్టరు. ఇందులోనే ఏదో ఉంది.’

‘చేయకండి అంటే చేయమని. రెండో భాగంలో తలుపు తెరవకండి అన్నారు, గుర్తుందా?’

గుర్తుంది. ఆ వాక్యం రాసింది పెద్దమ్మాయే. ‘ఈ తలుపు తెరవకండి’ అని పెట్టి, తెరిచినవాళ్ళకి బహుమతి ఇచ్చింది. మూడో భాగంలో ‘ఈ పేజీ పనిచేయడం లేదు’ అని రాసి దాని వెనక పటం దాచింది. ఎనిమిదేళ్ళు, నాలుగు సైట్లు. రాసినదాన్ని రాసినట్టు నమ్మకూడదని లక్షలమందికి ఓపిగ్గా నేర్పింది. ఇప్పుడు జీవితంలో మొదటిసారి ఉన్నదున్నట్టు రాస్తే ఒక్కరూ నమ్మలేదు. ఎవరిని తిట్టుకోవాలో కూడా ఆమెకి తెలియలేదు.

“తీసేద్దామా?” అన్నాడు సస్పెన్స్.

“తీసేస్తే అదే క్లూ అని ఇంకా నమ్ముతారు.”

“ఉంచితే?”

ఆమె సంచి తీసుకుని లేచింది. ఆయన ఆమె వెనకాలే మెట్లదాకా వచ్చి, లిఫ్ట్ బటన్ నొక్కాడు.

*

ఆమె ఇల్లు చేరేసరికి మూడూ నలభై అయింది. మెట్ల మీదికే ఫోన్ మోత వినబడుతోంది.

“నూట నలభై రెండు,” అన్నాడు నాన్న, తలెత్తకుండా. “రెండు దాటినప్పటినుంచి అరనిమిషం తెరిపి లేదు. ఇదేనా నువ్వు పెట్టించిన ప్రకటన?”

అమ్మ గొంతు పూర్తిగా పోయింది. అయినా ప్రతిసారీ రిసీవర్ ఎత్తుతోంది, ఒక్క క్షణం వింటోంది, కాదని తెలుసుకుని పెట్టేస్తోంది. పొద్దున్న వేసుకున్న జడ సగం విడిపోయి ఉంది. పక్కన కప్పులో టీ మీద మీగడ కట్టింది.

“లే అమ్మా. నేను కూర్చుంటాను. నువ్వెళ్ళి ఒక్క ముద్ద తిను.”

“వద్దు.”

“ఒక్క పది నిమిషాలు.”

“నువ్వు వినవు. పెట్టేస్తావు.”

“వింటానమ్మా. నీ మీదొట్టు.”

నాన్న కూడా కసిరాడు. అమ్మ రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి లేచింది. వంటింటి వైపు వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. పద్నాలుగు నెలల్లో ఆవిడ దింపుడు కళ్ళం ఆశ చాలాసార్లు పెట్టుకుంది. కానీ నిన్నటినుంచి పెట్టుకున్నది అలాంటిది కాదు, నిజమైన ఆశ. అందుకే భయపడుతోంది.

కింద ఎవరో పిలిచారు. లైన్‌మన్ అనుకున్న వేళకన్నా ముందే వచ్చాడు. నాన్న జేబులో పెన్ను పెట్టుకుని ఫోన్ తీగల పెట్టె చూపించడానికి దిగి వెళ్ళాడు.

“నాన్నా, ఇంకా నాలుగు కాలేదు!”

“పెట్టె చూసుకోనీ. నాలుగింటికే కట్ చేస్తాడు.”

ఫోన్ మోగింది.

“అమ్మా, నేనే,” అంది ఒక మగగొంతు. వెనక నవ్వులు.

“ఇది ఇల్లండీ. ఆట కాదు. దయచేసి చేయకండి.”

పెట్టగానే మళ్ళీ మోగింది. “అమ్మా, నేనే.” ఒక చిన్నపిల్ల. పెట్టేసింది. మళ్ళీ. ఈసారి ఒక పెద్దాయన, మర్యాదగా, తన మనవడు అడగమన్నాడంటూ. పెట్టేసింది. మొదటి పది ఫోన్లకీ ఒట్టు గుర్తుంది, విన్నది. ఇరవై దాటాక చెవి మొద్దుబారింది. పొద్దుటినుంచి మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు కూడా బొంగురు పోయింది. లైను ఎంత తొందరగా ఖాళీ అయితే చెల్లెలికి అంత మంచిదని నాన్న చెప్పిందే సబబనిపించింది. ఎత్తడం, అనడం, పెట్టడం. నాలుగు సెకన్లు. మిషన్ కుట్టులాగా చెయ్యి తనంతట తానే పోతోంది.

ఫోన్ మోగింది.

“అమ్మా, నేనే.”

“ఇది ఇల్లండీ. ఆట కాదు. దయచేసి చేయ—”

“గొంతు అలా ఉందేంటక్కా? జలుబు చేసిం—”

పెట్టేసింది.

చెయ్యి రిసీవర్ మీదే ఉంది. నాలుగు సెకన్ల పని అప్పటికే అయిపోయింది. మాట మాత్రం ఇప్పుడు చేరింది.

అక్కా.

ఆ కథలో పిల్లకి అక్క లేదు. ఆరు లక్షలమందిలో ఆ ఇంట్లో అక్క ఉందని తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ బొంగురు గొంతుని గుర్తుపట్టే మనిషి ఆ ఇంటి బయట లోకం మొత్తానికి ఒక్కర్తే.

చెల్లెలు ఏం విని ఉంటుంది? దయచేసి చేయకండి. ఠపీమని పెట్టిన చప్పుడు. పోతే పో అన్న గొంతే మళ్ళీ అన్నది.

గడియారంలో మూడూ యాభై ఎనిమిది.

“అమ్మా!” అని అరిచింది. “నాన్నని ఆపమను! లైను తీయొద్దని చెప్పు!”

వంటింట్లోంచి అమ్మ చేతిలో కంచంతో వచ్చింది. “ఎందుకే? ఏమైంది?”

ఎందుకో చెప్పాలంటే ఏం చేసిందో చెప్పాలి. పెద్దమ్మాయి తనే మెట్ల వైపు పరుగెత్తబోయింది. రెండడుగులు వేసేసరికి ఫోన్ మోగింది. మళ్ళీ అదే అయితే? వదిలేసి వెళ్ళే మోత కాదు. వెనక్కి వచ్చి రిసీవర్ లాక్కుంది.

“చెల్లీ! పెట్టకే, పెట్టకు, నేనే—”

అవతల ఎవడో కుర్రాడు, పట్టలేని సంతోషంతో, పక్కవాళ్ళని పిలుస్తూ, “ఒరేయ్, కొత్త డైలాగ్ వచ్చిందిరా! రికార్డ్ చెయ్యి, రికార్డ్ చెయ్యి!”

పెట్టేసింది. వెంటనే మళ్ళీ మోగింది. ఒక మోత పూర్తయింది. రెండోది సగంలో ఆగిపోయింది.

రిసీవర్ ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. గరగర లేదు, గుయ్‌మనే శబ్దం లేదు. లోపల ఏమీ లేదు.

మూడు వారాల తర్వాత మొదటిసారి ఆ ఇంట్లో గడియారం చప్పుడు వినబడింది. నాన్న మెట్లెక్కి వచ్చాడు, చేతులు తుడుచుకుంటూ.

“హమ్మయ్య. ప్రాణం లేచొచ్చినట్టుంది. కొత్త నంబరు ఎల్లుండి ఇస్తాడట.”

కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచాడు. ‘4.00. లైను తీసేశారు’ అని రాసి, దాని పైన కొన్ని గీతలు ఖాళీ వదిలాడు. వచ్చిన బస్సుని రాయకుండా డిపో మూసే అలవాటు ఆయనకి లేదు.

“నేను కిందున్నప్పుడు వచ్చినవి చెప్పమ్మా, రాసేస్తాను,” అన్నాడు. “ఆఖర్న చేసిందెవరు?”

పెన్ను కాగితం మీద ఆనించి ఆయన ఎదురుచూస్తున్నాడు. వంటింటి గుమ్మంలో అమ్మ కంచం పట్టుకుని అలాగే నిలబడి ఉంది. అన్నం ముట్టుకోలేదు. ఆవిడ చూస్తున్నది ఫోన్‌ని కాదు, పెద్దకూతురి మొహాన్ని.

“విన్నావుగా?” అంది అమ్మ, లేని గొంతుతో. “ఒక్క క్షణమైనా, అందర్నీ విన్నావుగా?”